వాడని పారామీటర్లను కంపైలర్‌తోనే పట్టించండి

పాత సీ ప్లస్ ప్లస్ కోడ్‌లో ఫంక్షన్‌కి ఆరు పారామీటర్లుంటాయి, లోపల చూస్తే నాలుగే వాడతారు, మిగతా రెండూ ఎప్పుడో ఎవరో పెట్టి మర్చిపోయినవి. కళ్లతో వెతక్కండి. జీసీసీ కంపైలర్‌కి వార్నింగులు చూపించమనే మైనస్ డబ్ల్యూ ఆల్ ఆప్షన్ ఇచ్చాం కదా, అన్నీ చెప్పేస్తుందిలే అనుకుంటారు చాలామంది, కానీ వాడని పారామీటర్ల సంగతి అది చెప్పదు. దానితో పాటు మైనస్ డబ్ల్యూ ఎక్స్‌ట్రా కూడా ఇవ్వాలి.

మొదటిసారి వార్నింగులు వరదలా వస్తాయి, టెన్షన్ పడి కనబడిందల్లా పీకేయకండి. కాల్‌బ్యాక్‌లు, వర్చువల్ ఫంక్షన్లలో సిగ్నేచర్, అంటే ఏ పారామీటర్లు ఉండాలన్నది, మన చేతిలో ఉండదు కాబట్టి టైప్ ఉంచి పేరు మాత్రం తీసేయండి, లేదా సీ ప్లస్ ప్లస్ 17లో వచ్చిన మేబీ అన్‌యూజ్డ్ అనే గుర్తు తగిలించండి. నేనొకసారి టైమ్‌అవుట్ అనే పారామీటర్ దండగ అనుకుని తీసేయబోయా, తీరా చూస్తే లోపల 30 అని నేరుగా రాసేసి ఉంది, అంటే పోవాల్సింది పారామీటర్ కాదు, ఆ 30!

నిజంగా అక్కర్లేనివాటికి, ముందు కమిట్ చేసుకుని, క్లాంగ్ టైడీ అనే కోడ్ తనిఖీ టూల్‌లో మిస్క్ అన్‌యూజ్డ్ పారామీటర్స్ చెక్‌ని ఫిక్స్ ఆప్షన్‌తో నడపండి. స్టాటిక్ ఫంక్షన్ అయి, దాన్ని పిలిచే చోట్లన్నీ అదే ఫైల్లో ఉంటే పారామీటర్‌నీ, పంపే విలువల్నీ అదే తీసేస్తుంది. లేకపోతే పేరును కామెంట్‌లో పెట్టి ఊరుకుంటుంది.