పరుగెత్తేది ఎవరు? ‘రన్’ అనే మాటకు సరైన తెలుగు పట్టుకోవడం

ఇంగ్లీషు వార్తలను తెలుగు చేసే డెస్కులో చేరిన కొత్తవారిని నేను మొదట అడిగేది ఒకటే: ఏ మాటలు మిమ్మల్ని బాగా ఇబ్బంది పెడుతున్నాయి? న్యాయశాస్త్రం మాటలు, వైద్యం మాటలు, నోరు తిరగని లాటిన్ పదాలు అని చెబుతారు. నిజానికి వాటితో పేచీ లేదు. నిఘంటువు తెరిస్తే వాటికి ఒకటో రెండో అర్థాలుంటాయి, రాసుకుని ముందుకు పోవచ్చు. ముప్పుతిప్పలు పెట్టేవి చిన్న మాటలు. గెట్, సెట్, టేక్, రన్. వీటిని ఎవరూ నిఘంటువులో వెతకరు, తెలుసుననుకుంటారు. తప్పులన్నీ అక్కడే దొర్లుతాయి.

‘రన్’నే తీసుకుందాం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికంటే పొడవైన పద్దు ‘సెట్’ది. ఆ తర్వాత మూడో కూర్పు కోసం పాత పద్దులను తిరగరాస్తున్నప్పుడు ‘రన్’ దాన్ని దాటేసింది. క్రియగానే దానికి 645 అర్థాలు లెక్క తేలాయి. ఆ పద్దు మీద పనిచేసిన నిఘంటుకారుడు పీటర్ గిల్లివర్‌కు సుమారు తొమ్మిది నెలలు పట్టింది. అంతకు చాలా ముందు, 1755లో, శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ‘టేక్’కు 134 అర్థాలు ఇచ్చాడు. తర్వాత యంత్రాలు వచ్చాయి, రైళ్లు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. ఇంగ్లీషువాళ్లు వాటన్నిటికీ ‘రన్’నే తగిలించారు.

645 అన్న అంకె చూసి బెదరకండి. మన ‘పట్టు’ తక్కువదా? నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, చెమట పట్టింది, ముసురు పట్టింది, పని పూర్తవడానికి గంట పట్టింది, వాడికి దెయ్యం పట్టింది, అతను ఇంటిదారి పట్టాడు, ఆమె పంతం పట్టింది. ఇవి విన్న తెలుగు పిల్లవాడెవడూ ‘ఇక్కడ ఏ పట్టు?’ అని అడగడు. పక్కనున్న నామవాచకం వాడికి ముందే చెప్పేసింది. ‘రన్’ దగ్గరా ఇంతే. ఆ మాటనే గుడ్లప్పగించి చూస్తే ఏమీ తేలదు, ఇరుగుపొరుగును చూడాలి.

మొదట కర్తను పట్టుకోండి. పరుగెత్తేది ఎవరు, లేదా ఏమిటి? కాళ్లున్న ప్రాణి అయితే చింత లేదు. కాళ్లు లేనిదైతే, ఆ వస్తువుకు తెలుగులో సొంత క్రియ ఉందేమో ఆలోచించండి. దాదాపు ఎప్పుడూ ఉంటుంది. నది ప్రవహిస్తుంది. ముక్కు కారుతుంది. సినిమా ఆడుతుంది. ఏటి వెంబడి రోడ్డు సాగుతుంది. ఒప్పందం ఫలానా తేదీ దాకా అమల్లో ఉంటుంది. ఉతికిన బట్ట రంగు వదులుతుంది. నివేదిక 500 పేజీలు ఉంటుంది, అంతే, దానికి క్రియ కోసం తంటాలు పడనక్కర్లేదు. ఇంగ్లీషులో ఇవన్నీ ‘రన్’లే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఇంగ్లీషులో పరుగులు తీసేవాటిలో చాలా భాగం తెలుగులో నింపాదిగా నడుస్తాయి. బస్సు నడుస్తుంది, గడియారం నడుస్తుంది, దుకాణం నడుస్తుంది, ప్రభుత్వం నడుస్తుంది. రైలు గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతున్నా మనకు అది నడవడమే. కాబట్టి యంత్రం, వాహనం, సంస్థ కనిపించగానే చేయి ‘పరుగు’ వైపు కాకుండా ‘నడక’ వైపు వెళ్లాలి. నీళ్ల విషయంలో మాత్రం రెండు భాషలూ ఒక్క తీరుగానే ఆలోచించాయి. పాత తెలుగులో ‘పాఱు’ అంటే పరుగెత్తడమూ, ప్రవహించడమూ కూడా. అందుకే ఇప్పటికీ కాలువ పారుతుంది, దొంగ పారిపోతాడు.

ఎన్నికల వార్తల్లో ఇంకో చిక్కు. అమెరికాలో అభ్యర్థి పదవి కోసం ‘రన్’ చేస్తాడు, బ్రిటన్‌లో అదే అభ్యర్థి ‘స్టాండ్’ అవుతాడు. ఒకడు పరుగెత్తుతున్నాడు, ఒకడు నిలబడ్డాడు, పని మాత్రం ఒకటే. తెలుగులో పోటీ చేస్తాడు, నిలబడతాడు, బరిలోకి దిగుతాడు. ఈ మూడింటిలో ‘పోటీ చేశాడు’ ఎక్కడైనా చెల్లుతుంది. ‘బరిలోకి దిగాడు’లో కుస్తీ వాసన ఉంది, ఏకగ్రీవంగా ఎన్నికైనవాడికి అది నప్పదు.

కర్త ఒక మనిషి, అతను దేన్నో ‘రన్’ చేస్తున్నాడు అంటే ఈసారి కర్మను చూడాలి. కంపెనీ అయితే నడుపుతున్నాడు. రక్తపరీక్ష అయితే చేస్తున్నాడు. పత్రిక ఒక కథనాన్ని ‘రన్’ చేసిందంటే వేసింది, ప్రచురించింది. ఎర్ర దీపాన్ని ‘రన్’ చేశాడంటే సిగ్నల్ పడినా ఆగకుండా పోయాడు. తుపాకులను ‘రన్’ చేస్తున్నాడంటే దొంగరవాణా చేస్తున్నాడు. జ్వరాన్ని ‘రన్’ చేయడం అంటే జ్వరం రావడమే. ‘రోగి తీవ్రమైన జ్వరాన్ని నడుపుతున్నాడు’ అని యంత్రానువాదం నా ముందుకు తెచ్చిన వాక్యాన్ని ఇప్పటికీ కొత్తవారికి చూపిస్తుంటాను. నవ్వుతారు, మంచిదే. ఆ వాక్యంలో వ్యాకరణం తప్పు ఒక్కటీ లేదని కూడా వాళ్లకు చెబుతాను.

తర్వాత తోక. ‘రన్’ వెనక అవుట్, డౌన్, అప్, ఓవర్, ఇంటు లాంటి చిన్న మాట ఉంటే ఆ రెండింటినీ విడదీయకండి. కలిపి ఒకే మాట అనుకోండి. ‘రన్ అవుట్’ అంటే క్రికెట్‌లో వికెట్ పోవడం, బయట సరుకు నిండుకోవడం. ‘రన్ అప్’ పక్కన అప్పో బిల్లో ఉంటే పేరుకుపోవడం. ‘రన్ డౌన్’ బ్యాటరీ పక్కనుంటే ఛార్జింగ్ అయిపోవడం, మనిషి పక్కనుంటే నీరసించడం, ఒకరు మరొకరిని చేస్తే తీసిపారేసి మాట్లాడటం. ‘రన్ ఇంటు’ స్నేహితుడైతే అనుకోకుండా తారసపడటం, గోడైతే ఢీకొనడం, నష్టమైతే కోట్లకు చేరడం. అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ‘రన్ ఓవర్’తో. సమావేశం విషయంలో అది అనుకున్న సమయం మించిపోవడం. మనిషి విషయంలో అతని మీదుగా వాహనం పోవడం. ఒకటి చిరాకు, ఒకటి చావు. కర్తను చూడకుండా చేయి ఆడించేవారి చేతిలో ఈ రెండూ తారుమారు కావడం ఎంత సేపు?

నామవాచకంగా వచ్చినప్పుడు సంగతి కొంచెం వేరు. క్రికెట్‌లో పరుగు. బంతి గీత దాటితే ఎవరూ అడుగు కదపకపోయినా 4 పరుగులే. బ్యాంకు మీద ‘రన్’ అంటే అది మునుగుతుందన్న భయంతో ఖాతాదారులంతా డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఒక్కసారి ఎగబడటం. దీనికి తెలుగులో ఒక్క మాట లేదు, వెతుక్కుని కల్పించనూ వద్దు, విషయం విడమరచి రాయండి. పుస్తకాల ‘ప్రింట్ రన్’ అంటే వేసిన ప్రతుల సంఖ్య. ‘లాంగ్ రన్’ను అందరూ ‘దీర్ఘకాలంలో’ అంటారు, ఆర్థిక వార్తల్లో అది సరే. మామూలు మాటల్లోనైతే నా ఓటు ‘పోనుపోను’కే. ఇక ‘మూడో రోజు’ తర్వాత ‘రన్నింగ్’ వస్తే అక్కడ పరుగూ లేదు, నడకా లేదు, ‘వరుసగా’ అని అర్థం.

ఇప్పుడు ఇదంతా ఒకచోట పెట్టి చూద్దాం. కసరత్తు కోసం నేనే అల్లిన ఒక చిన్న నేర వార్త ఇది. ఒకాయన మందుల దుకాణం ‘రన్’ చేశాడు. పురపాలక ఎన్నికల్లో ‘రన్’ చేశాడు. ప్రచారానికి అప్పులు ‘రన్ అప్’ చేశాడు. దుకాణంలో సరుకు ‘రన్ అవుట్’ అయింది. నకిలీ పత్రాలతో రుణాలు తీసుకుని ఏడాదిపాటు ‘ఆన్ ది రన్’. చివరికి దొరికాడు. కోర్టు వేసిన రెండు శిక్షలూ ‘కంకరెంట్లీ’ ‘రన్’ అవుతాయి. తెలుగులో: దుకాణం నడిపాడు, పోటీ చేశాడు, తలకు మించి అప్పులు చేశాడు, సరుకు నిండుకుంది, ఏడాదిపాటు పరారీలో ఉన్నాడు. ఇంతవరకు ఎవరైనా నెట్టుకొస్తారు. ఆఖరి ‘రన్’ దగ్గర కలం ఆపాలి. ఒక నేరానికి 5 ఏళ్లు, ఇంకోదానికి 7 ఏళ్లు పడ్డాయనుకోండి. ‘కంకరెంట్లీ’, అంటే రెండు శిక్షలూ ఏకకాలంలో అమలైతే, అతను గడపాల్సింది 7 ఏళ్లు. ఒకదాని తర్వాత ఒకటి అమలైతే 12 ఏళ్లు. ‘రెండు శిక్షలు అమలవుతాయి’ అని రాసి ఊరుకుంటే ఒక మనిషి బతుకులో 5 ఏళ్లు ఎటు పోయాయో పాఠకుడికి తెలియదు. ‘రన్’ను మోస్తున్నది పక్కనున్న ఆ క్రియావిశేషణమే.

అర్థాల సంగతి ఇది. పర్యాయపదాలది మరో గొడవ. బడిలో ‘నానార్థాలు రాయండి’, ‘పర్యాయపదాలు రాయండి’ అని రెండు ప్రశ్నలు పక్కపక్కనే వచ్చేవి. అమరకోశం కూడా ఈ రెండింటినీ వేరుగానే ఉంచింది. ఒకే వస్తువుకున్న పేర్లన్నీ ఒకచోట గుదిగుచ్చి, ఒకే మాటకున్న పలు అర్థాలకు మూడో కాండలో నానార్థవర్గం అని విడిగా చోటిచ్చింది. మనం చేసే పొరపాటు ఈ రెండు పనులనూ కలిపేయడం. ఏ అర్థమో తేల్చుకోకముందే పర్యాయపదాల పట్టిక తెరుస్తాం. పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు 1852లో అచ్చు వేయించిన థెసారస్ (ఇంగ్లీషు పర్యాయపదాల కోశం) కూడా అకారాదిగా పేర్చింది కాదు. మాటలను భావాల వారీగా 1000 శీర్షికల కింద సర్దాడు. భావం ముందు, మాట తర్వాత అన్నది దాని క్రమం. ఆ క్రమంలోనే వాడాలి.

‘రన్’కు పర్యాయాలుగా ఇచ్చే ‘స్ప్రింట్’, ‘జాగ్’, ‘బోల్ట్’, ‘ఫ్లీ’లను చూడండి. మొదటిది కొద్ది దూరం ఉన్న బలమంతా పెట్టి తీసేది. రెండోది ఒంటి కోసం మెల్లగా తీసేది. మూడోది బెదిరిన గుర్రంలా హఠాత్తుగా లంకించుకునేది. నాలుగోదాంట్లో భయం ఉంది, ప్రాణాలు దక్కించుకోవడం ఉంది. యుద్ధానికి భయపడి ఊళ్లు వదిలిన జనానికి ‘జాగ్’ పెడితే ఎంత అన్యాయం! తెలుగు పట్టిక ఇంతకంటే రంగులమయం. పరుగెత్తాడు అంటే ఏ రంగూ లేదు. ఉరికాడు అంటే ఆత్రం. లగెత్తాడు అంటే కాస్త ఎగతాళి. ఉడాయించాడు అంటే ఎవరిదో సొమ్ము వెంట వెళ్లింది. జారుకున్నాడు అంటే చప్పుడు చేయలేదు, బహుశా పరుగెత్తనూ లేదు. పరారయ్యాడు అంటే పోలీసులు వెతుకుతున్నారు. పలాయనం చిత్తగించాడు అంటే రాసేవాడు నవ్వుతున్నాడు. పోలీసు వార్తలో ఆ చివరిది రాసి పంపితే నేను కొట్టేస్తాను, వ్యంగ్య శీర్షికలోనైతే ముచ్చటపడి ఉంచుతాను.

సంస్థల వైపు పర్యాయాలు ‘మేనేజ్’, ‘ఆపరేట్’, ‘అడ్మినిస్టర్’, ‘ఎగ్జిక్యూట్’. యంత్రాలు, సర్వీసులు ఉన్నచోట ‘ఆపరేట్’, మనుషులు, డబ్బు ఉన్నచోట ‘మేనేజ్’, పాలన ఉన్నచోట ‘అడ్మినిస్టర్’. అయితే ఆ ‘అడ్మినిస్టర్’ రోగి పక్కన కనిపిస్తే మందు ఇవ్వడం. ‘ఎగ్జిక్యూట్’ ప్రోగ్రామ్ పక్కన ఉంటే అమలు చేయడం, ఖైదీ పక్కన ఉంటే మరణశిక్ష అమలు చేయడం. పర్యాయపదానికి కూడా నానార్థాలుంటాయని పట్టిక మీకు చెప్పదు. అందుకే ఎంచుకున్న పర్యాయాన్ని అసలు వాక్యంలో పెట్టి, ఆ వాక్యం ఇంకేమైనా చెబుతోందా అని ఒకసారి చదవండి.

తెలుగులో ఈ చోటంతా ‘నిర్వహించు’ ఒక్కటే ఆక్రమించి కూర్చుంది. సమావేశం నిర్వహించారు, పరీక్ష నిర్వహించారు, వేడుక నిర్వహించారు, చివరికి దాడులు కూడా నిర్వహించారు! దాడులు చేస్తారు. సమావేశం జరుపుతారు. పరీక్ష పెడతారు. ఇల్లు నడుపుతారు, చాలీచాలని జీతంతోనైతే నెట్టుకొస్తారు. బాధ్యత నిర్వహిస్తారు, అక్కడ ఆ మాటకు హక్కుంది. కంప్యూటర్ విషయంలో మాత్రం నాకు పట్టింపు లేదు. ప్రోగ్రామ్ రన్ చేయండి అంటే అందరికీ తెలుస్తుంది, దానికి సంస్కృతం తొడగక్కర్లేదు.

నోటుపుస్తకం పెట్టుకునే అలవాటుంటే ఇంగ్లీషు మాటల వరుసలో కాకుండా తెలుగు నామవాచకాల వరుసలో రాసుకోండి. ‘సినిమా’ అన్న పేజీలో ఆడటం, ఆగిపోవడం, విడుదల కావడం, ఎత్తేయడం. ‘అప్పు’ అన్న పేజీలో చేయడం, పుట్టడం, పేరుకోవడం, తీరడం, ఎగ్గొట్టడం. ఇంగ్లీషు నుంచి ఏ క్రియ వచ్చి మీద పడినా ఆ పేజీ తిప్పితే జవాబు ఉంటుంది. ‘రన్’ అయ్యాక ‘సెట్’ మీద ఇదే ప్రయత్నించండి. సూర్యుడు, సిమెంటు, విరిగిన ఎముక, ప్రశ్నపత్రం, ఉచ్చు, రికార్డు, తేదీ. ఈ ఏడింటికీ ఇంగ్లీషులో ఒకే క్రియ. తెలుగులో కుంకుతుంది, గట్టిపడుతుంది, అతుక్కుంటుంది, తయారుచేస్తారు, పన్నుతారు, నెలకొల్పుతారు, ఖరారు చేస్తారు.