కొండగట్టు పాదయాత్ర: గంగాధర నుంచి గుట్టకు, గుట్ట నుంచి హన్మకొండ బస్సుకు

హన్మకొండ నుంచి హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజూరాబాద్, మానకొండూర్, కరీంనగర్, గంగాధర మీదుగా కొండగట్టు ఆంజనేయస్వామి గుట్టకు నడక దాదాపు 105 నుంచి 110 కిలోమీటర్లు. హనుమాన్ మాల వేసుకున్న స్వాములు నాలుగు రోజుల్లో, నిదానంగా నడిచేవాళ్లు ఐదు రోజుల్లో ముగిస్తారు. బయలుదేరే ముందు భిక్ష (స్వాముల భోజనం) ఎక్కడ, పడక ఎక్కడ, సామాన్ల ఆటో ఎవరిది అని అన్నీ మాట్లాడుకుంటారు. మాల తీశాక ఇంటికెట్లా పోవాలన్నది మాత్రం గుట్ట దిగేదాకా ఎవరికీ గుర్తుకురాదు. ఆగమయ్యేది అక్కడే. నిద్ర లేదు, పాదాల నిండా పొక్కులు, కాళ్లకు చెప్పుల్లేవు, నెత్తిన ఎండ, వచ్చిన బస్సు వచ్చినట్టే నిండి ఉంటుంది.

కాబట్టి లెక్క ఇంటి నుంచి వెనక్కి కట్టండి. చీకటి పడకముందే హన్మకొండలో దిగాలంటే కొండగట్టు స్టేజీ దగ్గర పన్నెండు, ఒంటిగంట మధ్య బస్సెక్కాలి. దానికి ముందు రెండు గంటల విశ్రాంతి, దానికి ముందు దర్శనం, స్నానం, తలనీలాలు. హనుమాన్ జయంతి రద్దీలో వీటికే నాలుగైదు గంటలు పోతాయి. అంటే తెల్లారేసరికి గుట్ట కింద ఉండాలి.

చైత్ర పౌర్ణమికి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. పౌర్ణమి నాడు మాల వేసుకున్నవాళ్లకు దశమి నాటికి మండలం, అంటే దాదాపు నలభై రోజుల దీక్ష, పూర్తవుతుంది. రెండూ ఎండకాలంలోనే వస్తాయి. పెద్ద జయంతి నాటికైతే జగిత్యాల వైపు ఎండ 44 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు. వీలైతే జయంతికి రెండు మూడు రోజులు ముందే విరమణ, అంటే మాల తీయడం, పెట్టుకోండి. దేవుడు అదే దేవుడు, వరుస మాత్రం సగమే.

చివరి రాత్రి

ఆఖరి మజిలీకి గంగాధర చౌరస్తా అనువైన చోటు. అక్కడి నుంచి గుట్ట కిందికి ఇంకో 15 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. మొదటి రోజు గంటకు ఐదు కిలోమీటర్లు నడిచిన కాళ్లు ఈ రోజు మూడు, మూడున్నరకు మించి సాగవు. మధ్యలో ఆగేవి కలుపుకుంటే ఐదు గంటలు పడుతుంది. రాత్రి 8 గంటలకే భిక్ష ముగించి పడుకుని, 12.30కి లేచి, ఒంటిగంటకు కదలండి. మూడింటికి లేద్దామనుకుంటే ఎండెక్కాక గుట్ట ఎక్కాల్సి వస్తుంది.

గంగాధర దగ్గర కురిక్యాలలో బొమ్మలమ్మ గుట్ట ఉంది. పదో శతాబ్దపు జినవల్లభుని శాసనం, అందులోని తెలుగు కంద పద్యాలు అక్కడి బండ మీదే ఉన్నాయి. చూడాల్సిన చోటే కానీ ఈ కాళ్లతో కాదు. ఇంకోసారి బస్సులో రండి.

రాత్రి నడకలో రోడ్డుకు కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కంటికి కనపడేలా, ఒకరి వెనక ఒకరు నడవాలి. గ్రానైట్ బండలు మోసే లారీలు ఈ రోడ్డు మీద రాత్రుళ్లు కూడా తిరుగుతాయి. అవి ఉన్నపళంగా ఆగలేవు. కాషాయం బట్ట చీకట్లో దూరానికి కనపడదు. అందుకే ప్రతి ఒక్కరి వీపు సంచికి అరచేయంత రేడియం స్టిక్కరు, వరుసలో ముందు ఒకరి చేతిలో, వెనక ఒకరి చేతిలో టార్చి ఉండాలి. నిద్ర ముంచుకొస్తే పాట పాడుకుంటూ నడవడం కన్నా పావుగంట రోడ్డుకు దూరంగా కూర్చుని లేవడం మేలు. నడుస్తూనే తూలి రోడ్డు మీదికి పోయేది తెల్లవారుజామున 3, 4 గంటల మధ్యనే.

ఒట్టి కాళ్లతో నడిచేవాళ్లు పగటిపూట తప్పనిసరైతే రోడ్డు అంచున వేసిన తెల్ల గీత మీద నడవండి. తారు కంటే అది తక్కువ కాలుతుంది. పక్కన మట్టి మెత్తగా కనపడుతుంది కానీ తుమ్మ ముళ్లు, సీసా పెంకులు అందులోనే ఉంటాయి.

నీళ్లు గంటకు అరలీటరు లెక్కన కొంచెం కొంచెంగా తాగండి. ఉత్త నీళ్లే తాగుతూ పోతే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు. తల తిరగడం, వికారం, పిక్కలు పట్టేయడం మొదలవుతాయి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ అయితే ఒక లీటరులో మొత్తం కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసు నీళ్లలో కలిపి చిక్కగా తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పేసిన సల్ల, జొన్న అంబలి కూడా మంచివే. మాతలు (మాల వేసుకున్న ఆడవాళ్లు) చాలామంది చాటు దొరకదని నీళ్లు తాగడం తగ్గిస్తారు. ఆ తర్వాత మూత్రంలో మంట వస్తుంది. పెట్రోల్ బంకులో మరుగుదొడ్డి కనపడితే అవసరం లేకున్నా ఒకసారి వెళ్లి రావడం అలవాటు చేసుకోండి.

పొక్కులు

చిన్న పొక్కును గిల్లొద్దు. మీద మెత్తటి దూది గుడ్డ పెట్టి పేపర్ ప్లాస్టర్ అంటించండి. బిగుసుకుని అడుగు పడనివ్వని పెద్ద పొక్కును మాత్రమే తీయాలి. పాదం, చేతులు సబ్బుతో కడుక్కుని, కొత్త సూదితో పొక్కు అంచున, నేలకు దగ్గరగా రెండు చోట్ల గుచ్చి నీరు వత్తేయాలి. పైతోలు అట్లనే ఉంచాలి. కింది పచ్చి చర్మానికి అంతకు మించిన పట్టీ లేదు. మీద పోవిడోన్ అయోడిన్ పూసి కట్టు కట్టండి. పసుపు, కిరోసిన్, టూత్‌పేస్టు ఏదీ వద్దు. షుగర్ ఉన్నవాళ్లు సూది పట్టుకోకుండా దారిలో మెడికల్ క్యాంపులో చూపించుకోవాలి. వాళ్ల పాదానికి నొప్పి సరిగా తెలియదు కాబట్టి రోజుకు రెండుసార్లు పక్క స్వామితో అరికాళ్లు చూపించుకోవడం కూడా అవసరమే.

తొడలు రాసుకుని మండేవాళ్లు నడక మొదలుపెట్టే ముందే కొబ్బరి నూనో వాజ్‌లైనో రాసుకోవాలి. మండాక రాస్తే పెద్దగా పని చేయదు.

గుట్ట మీద

కోతులతో మొదలుపెడదాం, ఎందుకంటే అవే ముందు కలుస్తాయి. కొబ్బరికాయ, అరటిపండు, ప్లాస్టిక్ కవరు ఏది చేతిలో కనపడినా లాగేస్తాయి. ఇరుముడి తప్ప మిగతా తిండి అంతా జిప్పు ఉన్న సంచిలో పెట్టండి. లాగితే వదిలేయండి. గుంజులాటలో కరిస్తే గాయాన్ని సబ్బుతో పావుగంట పారే నీళ్ల కింద కడిగి, ఆ రోజే రేబిస్ టీకా వేయించుకోవాలి.

తలనీలాలు ఇచ్చేటప్పుడు బ్లేడు కొత్తది వేయమని అడగండి, మీ ముందే మార్చమనండి. గుండు చేయించుకున్నాక స్నానం. పాదాల మీద తెరుచుకున్న పుండ్లు ఉంటే వేలమంది మునిగిన కోనేట్లో దిగకుండా నీళ్లు తలమీద చల్లుకుని, కొళాయి దగ్గర స్నానం చేయండి. తడి కట్టు వెంటనే తీసి, వేళ్ల సందులు తుడిచి, ఆరాక కొత్త కట్టు కట్టుకుని వరుసలో నిలబడండి. తడి కట్టుతో మూడు గంటలు నిలబడితే తోలు నాని ఊడొస్తుంది.

దర్శనమయ్యాక గురుస్వామి చేతుల మీదుగా విరమణ. తొందరపెట్టాల్సిన పని కాదు. బృందమంతా ఒక్కసారి విడిపోయేది కూడా ఇక్కడే కాబట్టి వరుసలోకి వెళ్లే ముందే కలుసుకునే చోటు, వేళ అనుకోండి. రద్దీలో ఫోన్లు కలవవు. ముసలివాళ్ల జేబులో పేరు, ఊరు, ఇంటివాళ్ల నంబరు రాసిన కాగితం పెట్టండి.

అందరూ మరిచిపోయేది చెప్పులు. ఒట్టి కాళ్లతో బయలుదేరినవాళ్ల సంచిలో చెప్పులుండవు. విరమణయ్యాక మధ్యాహ్నపు స్టేజీ, బస్సు ఇనుప మెట్లు, బస్టాండు బాత్‌రూము అన్నీ ఒట్టి కాళ్లతోనే తొక్కాలి. సామాన్ల ఆటోలో ప్రతి ఒక్కరికీ ఒక జత పాతవి, వదులుగా ఉన్నవి వేయించండి. వాచిన పాదానికి కొత్త చెప్పు పట్టదు. వాటితోపాటు ఒక జత పొడి బట్టలు, గుండుకు చుట్టుకునే తువ్వాల కావాలి. గుండు మీద నేరుగా ఎండ తగిలితే వడదెబ్బ తొందరగా కొడుతుంది.

బస్సు

గుట్ట దిగడానికి మెట్ల దారి కన్నా బండి నయం. ఎక్కినప్పుడు లేని మోకాలి నొప్పి దిగేటప్పుడు వస్తుంది. కానీ కిక్కిరిసిన బండి మాత్రం ఎక్కొద్దు. 2018 సెప్టెంబర్ 11న ఈ ఘాట్ రోడ్డు మీదనే నిండా జనంతో దిగుతున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. నిలబడే చోటు కూడా లేదంటే వెనకొచ్చేది చూసుకోండి. ట్రాక్టరు, డీసీఎం అసలే వద్దు.

కింద కరీంనగర్–జగిత్యాల రోడ్డు మీద స్టేజీ. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వరంగల్ వెళ్లే బస్సులు ఇక్కడికి వచ్చేసరికే నిండుతాయి. నేరుగా హన్మకొండ బోర్డే కావాలని గంటల తరబడి కూర్చోవడం కన్నా, దొరికిన కరీంనగర్ బస్సెక్కి అక్కడి బస్టాండులో మారడం మంచిది. హన్మకొండకు అక్కడ బస్సులు తరచుగా ఉంటాయి, అక్కడే మొదలయ్యేవి కాబట్టి సీటు దొరుకుతుంది. కరీంనగర్‌కు గంట, అక్కడి నుంచి రెండు గంటలు, ఎదురుచూపులతో కలిపి నాలుగున్నర అనుకోండి. నడవలేని ముసలివాళ్లుంటే ఇంకో ఉపాయం: వెనక్కి 15 కిలోమీటర్లు జగిత్యాల వెళ్లి, బస్టాండులో కూర్చుని, ఖాళీ బస్సెక్కి రావడం. ధర్మపురి నరసింహస్వామిని కూడా చూసి పోవాలనుకునేవాళ్లకు, మంచిర్యాల వైపు వాళ్లకు ఎలాగూ దారి జగిత్యాల మీదుగానే.

తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మహాలక్ష్మి పథకం కింద ప్రయాణం ఉచితం. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ అసలుది చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. డీలక్స్, సూపర్ లగ్జరీలో టికెట్ కొనాల్సిందే. మగవాళ్లు వంద, యాభై నోట్లు విడిగా పెట్టుకోండి. రద్దీలో నెట్‌వర్క్ నమ్ముకుంటే కండక్టర్ ముందు ఫోన్ పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. పండుగ స్పెషల్ బస్సులో ఛార్జీ మామూలు కన్నా ఎక్కువ ఉండొచ్చు, ఎక్కేముందే అడగండి. వేళలకు ఆర్టీసీ కాల్ సెంటర్ 040-69440000. నలభై మందికి పైగా ఉన్న బృందమైతే పది రోజుల ముందే డిపోలో అడిగి బస్సునే అద్దెకు మాట్లాడుకోవడం అన్నిటికన్నా సుఖం.

సీటు నడవ పక్కది ఎంచుకోండి, కాలు చాపుకోవచ్చు. నాలుగు రోజులు నడిచిన కాళ్లను వేలాడదీసి మూడు గంటలు కదలకుండా కూర్చుంటే పాదాలు ఉబ్బుతాయి. అరగంటకోసారి మడమలు పైకీ కిందికీ ఇరవై సార్లు ఆడించండి. కరీంనగర్‌లో దిగి బస్టాండులో రెండు చుట్లు తిరగండి. ఎక్కేముందు పులిహోర కడుపునిండా తింటే మలుపుల్లో వాంతి ఖాయం. పెరుగన్నమో రెండు ఇడ్లీలో చాలు.

నొప్పి మాత్ర ఖాళీ కడుపుతో, ఒంట్లో నీళ్లు ఎండిన వేళ వేసుకోవద్దు. మూత్రపిండాలకు చేటు. అన్నం తిని, నీళ్లు తాగి, మూత్రం మామూలుగా వచ్చాకే. మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా, ఒక్క పిక్క మాత్రమే వాచి గట్టిపడినా, మాట తడబడినా ఇంటికి చేరేదాకా ఆగకుండా జగిత్యాల లేదా కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో దిగండి, లేదా 108కి ఫోన్ చేయండి.

ఇంటికి చేరాక పుండ్లు లేని పాదాలనైతే పావుగంట గోరువెచ్చని ఉప్పు నీళ్లలో పెట్టండి. మోకాలు వాస్తే బట్టలో చుట్టిన మంచు గడ్డ. మరుసటి రోజు మంచానికే అతుక్కుపోకుండా పూటకు పది నిమిషాలు ఇంట్లోనే నడవండి, పట్టేసిన కండలు వదులుతాయి. బొటనవేలి గోరు నల్లబడితే పీకొద్దు. కింద కొత్త గోరు పెరిగే కొద్దీ అదే ఊడిపోతుంది. పూర్తిగా రావడానికి ఏడాది దాకా పట్టొచ్చు.