ఎంఎస్ పరీక్షలకు వెళ్లే ముందు

నరాల పైపొర మైలిన్ దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనుమానంతో డాక్టర్ పరీక్షలు రాశారా? టెన్షన్ సహజమే. వెళ్లేలోపు ఇవి చూసుకోండి.

ఒంట్లో లోహం ఉంటే ముందే చెప్పండి. పేస్‌మేకర్, మెదడులో వేసిన పాత క్లిప్పు, వెల్డింగ్ పనిలో కంట్లో పడిన ఇనుప రజను... ఎంఆర్ఐ అయస్కాంతం వీటిని కదిలించగలదు, పాడుచేయగలదు. రజను పదేళ్ల కిందట పడినా చెప్పాల్సిందే. చూపే పోవచ్చు.

రక్తం పల్చబడే మందులు వాడుతుంటే పరీక్ష కోసం వెన్ను నీరు తీసే డాక్టర్‌కు చీటీ చూపించండి. వెన్నులో రక్తస్రావమైతే కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. మీ అంతట మీరు మాత్రం మందు ఆపకండి.

వెన్ను నీరు తీసే రోజే పరీక్షకు రక్తం కూడా ఇవ్వండి. ఆలిగోక్లోనల్ బ్యాండ్లు (పరీక్షలో గీతల్లా కనిపించే యాంటీబాడీలు) వెన్ను నీటిలో ఉండి రక్తంలో లేకపోతేనే ఆ ఫలితానికి విలువ.

ఈమధ్య స్టెరాయిడ్లు తీసుకుంటే తేదీలు చెప్పండి. ఎంఆర్ఐలో కాంట్రాస్ట్‌తో (నరంలోకి ఎక్కించే మందుతో) తెల్లగా వెలగాల్సిన కొత్త మచ్చలు కనిపించకపోవచ్చు.

కిడ్నీ జబ్బు, గర్భం ఉంటే కాంట్రాస్ట్‌కు ముందే చెప్పాలి.

కంటి నరం పరీక్ష వీఈపీకి తలస్నానం చేసి, నూనె రాయకుండా వెళ్లండి. జిడ్డుంటే ఎలక్ట్రోడ్లు అంటుకోవు. కళ్లజోడు మరవకండి.

విటమిన్ బీ12 చూశారా అని అడగండి. దాని లోపంతోనూ ఎంఎస్‌లో లాంటి తిమ్మిర్లే వస్తాయి, పైగా అది మందుతో సరిచేయగలిగిన లోపం.