కాలికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్ చేయించేముందు ఏ వరసలో వెళ్ళాలి

కాలికి రక్తం తీసుకెళ్ళే నాళాలు మూసుకుపోతున్నప్పుడు నడిస్తే పిక్క పట్టేయడం వేరు, రాత్రి పాదం మండిపోయి కాలు మంచం కిందకి వేలాడేస్తే గానీ నిద్ర పట్టకపోవడం వేరు. ఆ రెండోది వచ్చినా, వేలి మీద పుండు వారాల తరబడి మానకపోయినా ముందు వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్‌కి చూపించాలి. మా మావయ్య విషయంలో మేం వరస తిరగేశాం. ఎవరో చెప్పారని నేరుగా ఒక స్టెమ్ సెల్ క్లినిక్‌కి పోతే, వాళ్ళు కాలైనా చూడకుండా ప్యాకేజీ రేటు చెప్పారు.

సర్జన్ మొదట చేసేది ఏబీఐ, అంటే చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగించడం. 0.9 కంటే తక్కువైతే నాళాల్లో అడ్డు ఉన్నట్టు, 0.4 కంటే దిగితే పరిస్థితి తీవ్రంగా ఉన్నట్టు. షుగర్ పాతబడినవాళ్ళకి నాళాలు గట్టిపడి ఈ అంకె దొంగలెక్క చూపించవచ్చు, వాళ్ళకి కాలి బొటనవేలి ప్రెషర్ కూడా చూడమనండి. ఆ తర్వాత డాప్లర్ (రక్తం ఎలా పారుతోందో చూపే స్కాన్), అవసరమైతే యాంజియోగ్రామ్. బెలూన్‌తోనో బైపాస్‌తోనో దారి తెరిచే వీలుంటే అదే చేయించండి, ఎందుకంటే మూలకణాలు (స్టెమ్ సెల్స్) మూసుకుపోయిన నాళాన్ని తెరవవు, అవి వదిలే పదార్థాల వల్ల చుట్టుపక్కల సన్నటి కొత్త నాళాలు పుట్టాలన్నదే ఆశ, దానికి నెలలు పడుతుంది. కాలు నల్లబడి ఇన్‌ఫెక్షన్ పైకి పాకుతుంటే అంత టైమ్ ఉండదు.

రెండు దారులూ లేవని సర్జన్ తేల్చాకే స్టెమ్ సెల్ మాట ఎత్తాలి. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి, మన సొంత మూలుగ: మత్తిచ్చి తుంటి ఎముక నుంచి తీసి, కణాలు వేరుచేసి, పిక్క కండలో చాలా చోట్ల ఎక్కిస్తారు. జపాన్ డాక్టర్లు 2002లో దీని ఫలితాలు ప్రచురించాకే అందరి దృష్టీ ఇటు పడింది. రెండోది, దాతల మూలుగ నుంచి ల్యాబ్‌లో పెంచిన కణాలు. బెంగళూరు కంపెనీ స్టెంప్యూటిక్స్ వాళ్ళ స్టెంప్యూసెల్ ఈ రకమే, దానికి మన దేశంలో 2016లో బర్జర్స్ జబ్బుకి (పొగాకు వాడేవాళ్ళలో కాళ్ళూ చేతుల నాళాలు వాచి మూసుకుపోయే జబ్బు) పరిమిత అనుమతి, 2020లో కొవ్వు పేరుకుని నాళాలు మూసుకుపోయిన కేసులకి కూడా అనుమతి వచ్చాయి. డోసు కిలో బరువుకి 20 లక్షల కణాలు, అంటే 60 కిలోల మనిషికి 12 కోట్లు. వినడానికి పెద్ద అంకే, కానీ దాన్ని చూసి మురిసిపోకండి: నెదర్లాండ్స్‌లో 160 మంది మీద చేసిన ట్రయల్లో (ఫలితాలు 2015లో వచ్చాయి) సొంత మూలుగ కణాలు ఇచ్చినవాళ్ళకీ కణాలు లేని ఉత్తుత్తి మందు (ప్లాసిబో) ఇచ్చినవాళ్ళకీ కాలు తీసేయాల్సి రావడంలో తేడా కనబడలేదు. అక్కడ కణాల్ని కండలోకి కాకుండా ధమనిలోకి ఎక్కించారు, ఆ తేడా ఉంది, అయినా గ్యారంటీ అన్నవాళ్ళ దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

సొంత కణాలతో చేస్తామంటే ఇది ట్రయలా అని సూటిగా అడగండి. ట్రయలైతే సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే ప్రభుత్వ రిజిస్ట్రీ) నంబరు ఉంటుంది, ఇంటికొచ్చి వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు, పైగా పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. నంబరు లేదు, బిల్లు మాత్రం ఉందంటే విషయం అర్థమైనట్టే. సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మనండి, సంతకం మర్నాడు పెట్టండి.

క్యాన్సర్ ఏదైనా ఉన్నా, ఎప్పుడైనా వచ్చినా దాచకుండా చెప్పండి. షుగర్ ఉంటే రెటీనా పరీక్ష ముందే చేయించాలి, కొత్త నాళాలు కంట్లో పుడితే చూపుకే ప్రమాదం కాబట్టి.

ఇక పొగాకు. బర్జర్స్‌లో జబ్బుని నడిపించేదే అది. బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా అన్నీ మానాలి, రోజుకి ఒక్కటే అన్న బేరం కుదరదు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని) తాగే పెద్దావిడ ఉంటే ఆవిడనీ అడగండి, ఆడవాళ్ళని డాక్టర్లు అడగడం మర్చిపోతారు. మా మావయ్య మానేశానని ఒట్టు పెట్టాడు, దిండు కింద బీడీ కట్ట దొరికింది.

ఇంజెక్షన్ అయ్యాక వారానికోసారి పుండు పక్కన స్కేలు పెట్టి, అదే వెలుతురులో ఫొటో తీయండి. సర్జన్ చెప్పిన తేదీకి ఏబీఐ మళ్ళీ చేయించి, పాత అంకె పక్కనే రాసుకోండి. రక్తం పలచబడే మందు, డ్రెస్సింగ్ మీ అంతట మీరు ఆపకండి.