ఇంట్లో టమాటా పెంపకం: ఏ పిలకను తుంచాలి, ఏ పిలకను ఉంచాలి

టమాటాకు పిలకలు, అంటే ఆకు కాడ సందుల్లోంచి వచ్చే పక్క కొమ్మలు, గిల్లితేనే కాపు బాగుంటుందని కొందరు, గిల్లితే ఉన్న కాపు కూడా పోతుందని మరికొందరు చెబుతూ ఉంటారు. వాళ్లు పెంచిన రకాలు వేరు కాబట్టి ఇద్దరి మాటా నిజమే. ఒక రకం మొక్క మూడు నాలుగు అడుగుల ఎత్తుకు చేరాక కొమ్మ చివరనే పూగుత్తి వేసి ఎదుగుదల ఆపేస్తుంది, దాని కాయలు కొద్ది వారాల తేడాతో దాదాపు ఒకే విడతలో పండుతాయి. విత్తనాల పొట్లం మీద దీన్ని డిటర్మినేట్ అని రాస్తారు. ఇన్‌డిటర్మినేట్ అని రాసి ఉండే రెండో రకం తీగలా సాగుతూ, ఆరేడు అడుగులు దాటినా ఆగకుండా, చలికో తెగులుకో లొంగేదాకా పూస్తూ కాస్తూనే ఉంటుంది. మొదటి రకంలో కాపు ఎక్కువగా పక్క కొమ్మల మీదే వస్తుంది కనుక వాటిని తీసేస్తే కాయలను తీసేసినట్టే అవుతుంది. రెండో రకాన్ని తన మానాన వదిలేస్తే పిలక మీద పిలక వేసి, గాలి ఆడనంత గుబురుగా మారిపోతుంది. కాబట్టి పొట్లం మీది ఆ ఒక్క మాటను నాటే రోజే చూసి, కుండీకి చీటీ కట్టి ఉంచుకోండి. చెర్రీ టమాటాల్లో ఎక్కువ భాగం తీగ రకాలే.

విత్తనాన్ని అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు లోతులో వేసి, మట్టిని తేమగా ఉంచితే, 21 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనంలో 5 నుంచి 10 రోజుల్లో మొలక వస్తుంది. మొలక కనిపించిన రోజు నుంచి దానికి మంచి వెలుతురు కావాలి, లేకపోతే నారు సన్నగా సాగిపోయి వాలిపోతుంది. ఐదారు వారాలకు నారు సుమారు 15 సెంటీమీటర్లు పెరుగుతుంది. అప్పుడు కింది ఆకులు తీసేసి, కాండంలో సగానికి పైగా మట్టిలోకి పోయేలా లోతుగా నాటాలి. మిగతా కూరగాయల్లో చాలావాటి నారును ఇలా నాటితే కాండం కుళ్లే ప్రమాదం ఉంటుంది కానీ, టమాటాకు మట్టిలో మునిగిన కాండం పొడవునా కొత్త వేళ్లు పుడతాయి. అంటు కట్టిన మొక్కకు మాత్రం అతుకు మట్టి పైనే ఉండాలి.

కుండీకి ఒక మొక్కే వేయండి. తీగ రకానికి కనీసం 20 లీటర్ల మట్టి పట్టే, ఒక అడుగు లోతున్న, అడుగున నీరు పోయే రంధ్రాలున్న కుండీ ఉండాలి. తోటమట్టి, బాగా చివికిన కంపోస్టు, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలిపితే మట్టి గుల్లగానూ ఉంటుంది, తేమనూ పట్టి ఉంచుతుంది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ తగిలే చోటు చూసుకోవాలి. ఊతకర్రను నాటిన రోజే పాతడం మంచిది, ఎందుకంటే మొక్క పెరిగాక పాతే కర్ర వేళ్లను చీల్చుకుంటూ దిగుతుంది. కాండాన్ని కర్రకు మెత్తని గుడ్డ పీలికతో, మధ్యలో ఒక మెలిక పడేలా వదులుగా కట్టాలి.

ఇక కత్తిరింపుకు వస్తే, అందులో కష్టమైన పని కోయడం కాదు, గుర్తుపట్టడం. ఆకు కాడ కాండాన్ని కలిసే చోట ఉండే సందులోకి దగ్గరగా చూడండి. అక్కడ చిన్న చిన్న ఆకులతో, ఒక బుల్లి టమాటా మొక్కలాగే నిలబడి ఉండేదే పిలక. పూగుత్తి ఎప్పుడూ ఆ సందులోంచి రాదు, రెండు ఆకుల మధ్య నున్నగా ఉన్న కాండం మీదినుంచి నేరుగా పుడుతుంది. ఈ తేడా కంటికి అలవాటయ్యేదాకా, ప్రతి పిలక దగ్గరా వేలు పెట్టి, కింద ఆకు ఉందో లేదో తడిమి చూసుకున్న తర్వాతే తుంచండి. మొక్క పైకొనకు దగ్గరలో ఉండే పిలకలు అసలు చిగురులాగే కనిపిస్తాయి. పొరపాటున ఆ చిగురును తుంచేస్తే మొక్క ఎత్తు ఎదగడం అక్కడితో ఆగిపోతుంది. అలా జరిగితే దిగులు పడకుండా, దాని కింద ఉన్న బలమైన పిలకను తుంచకుండా వదిలితే అదే కొత్త తలగా ఎదుగుతుంది.

పిలక ఐదు నుంచి పది సెంటీమీటర్లు ఉన్నప్పుడు కత్తెర అక్కర్లేదు. పిలకను దాని మొదలు దగ్గర పట్టుకుని ఒక పక్కకు వంచితే పుటుక్కున విరుగుతుంది, వేళ్లకు ఆకుపచ్చని మరకా ఘాటైన టమాటా ఆకు వాసనా మిగులుతాయి. కిందికి లాగితే మాత్రం కాండం తొక్క చీరుకుపోతుంది. మంచు ఆరిన తర్వాత, ఉదయం పూట ఈ పని చేస్తే గాయం సాయంత్రానికి ఎండిపోతుంది. తడి ఆకుల మీద, వర్షం రోజున చేస్తే తెగులుకు మనమే దారి ఇచ్చినట్టు అవుతుంది. వారానికి ఒకసారి చూస్తే చాలు. చూడకుండా వదిలేసిన పిలక పెన్సిలంత లావైపోతే దాన్ని మొదలంటా కోయకుండా, రెండు ఆకులు ఉంచి కొన మాత్రమే తుంచండి. అందువల్ల కాండానికి పెద్ద గాయం కాదు, ఆ రెండు ఆకులు కాయలకు నీడగానూ ఉంటాయి.

తీగ రకాన్ని ఒకే కాండంగా పెంచితే కాయలు తొందరగా, కాస్త పెద్దవిగా వస్తాయి కానీ వాటి సంఖ్య తగ్గుతుంది. ఇంటి కుండీలో రెండు కాండాలు ఉంచడమే మేలని నా అభిప్రాయం. రెండో కాండం కోసం మొదటి పూగుత్తికి సరిగ్గా కింద వచ్చే పిలకను ఉంచాలి, ఎందుకంటే అన్నింటిలోకీ బలమైనది అదే. దానికి కింద ఉన్నవన్నీ తుంచేసి, ఆపైన రెండు కాండాల మీదా వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు తీస్తూ ఉండాలి. పొట్టి రకానికైతే మొదటి పూగుత్తికి కిందనున్న పిలకలను, నేలను తాకే ఆకులను తీసి అక్కడితో ఆపేయండి. ఈ సంగతి తెలియని రోజుల్లో నేను ఒక పొట్టి మొక్కకు వారం వారం శ్రద్ధగా పిలకలన్నీ తీశాను. అది మూడు గుత్తులు కాసి ఊరుకుంది, పక్కనే నేను ముట్టుకోని అదే రకం మొక్క కొమ్మలు వంగేలా కాసింది.

కింది గుత్తి కాయలు ఊరుతున్నప్పుడు, నేల నుంచి ఒక అడుగు ఎత్తు వరకు ఆకులను వారానికి రెండు మూడు చొప్పున తీసేయవచ్చు. ఆకుల మీద వలయాలు వలయాలుగా గోధుమ రంగు మచ్చలు తెచ్చే ఆకుమాడు తెగులు, నీళ్లు పోసినప్పుడు ఎగిసిపడే మట్టి చుక్కలతోనే ముందుగా కింది ఆకులకు అంటుకుంటుంది. అయితే ఒక్క విడతలో మొక్కలో మూడో వంతుకు మించి తీయకూడదు. కాయకు ఎండ తగలాలని చుట్టూ ఉన్న ఆకులు కోసేయడం చాలామంది చేసే తప్పు. కాయ పండడానికి వెచ్చదనం కావాలి గానీ ఎండ అక్కర్లేదు. నేరుగా ఎండ తగిలిన కాయ తెల్లబారి, తోలులా బిగిసిపోతుంది. పైగా వేడి 30 డిగ్రీలు దాటితే ఎరుపు రంగునిచ్చే లైకోపీన్ సరిగా తయారు కాక కాయ పసుపు, నారింజ రంగుల దగ్గరే ఆగిపోతుంది.

ఆకుల మీద లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు తెచ్చే మొజాయిక్ వైరస్ చేతుల ద్వారా కూడా ఒక మొక్క నుంచి మరో మొక్కకు పాకుతుంది. పొగాకు ముట్టిన చేతులు మరీ ప్రమాదం కాబట్టి ముందుగా సబ్బుతో కడుక్కోవాలి. కత్తెరను మొక్క మారినప్పుడల్లా 70 శాతం ఆల్కహాల్‌తో తుడిస్తే బ్యాక్టీరియా, శిలీంధ్రాల తెగుళ్లు పాకకుండా ఉంటాయి. తుంచిన పిలక ఆరోగ్యంగా ఉంటే పారేయకండి. నీళ్ల గ్లాసులో నిలబెడితే ఒకటి రెండు వారాల్లో వేళ్లు వేస్తుంది, దాన్ని నాటితే తల్లి మొక్క లక్షణాలే ఉన్న మరో మొక్క అవుతుంది.

నీళ్ల విషయంలో ఎంత పోశామన్నదానికంటే క్రమం తప్పకుండా పోశామా అన్నది ముఖ్యం. నాలుగు రోజులు ఎండబెట్టి ఐదో రోజు కుండీ నింపితే ముదిరిన కాయలు పగులుతాయి. కాయ అడుగున నల్లగా, గుంటపడినట్టు వచ్చే కుళ్లు కూడా ఎక్కువసార్లు అంటుతెగులు కాదు. నీటితో పాటు కాయకు చేరాల్సిన కాల్షియం, నీరు సరిగా అందక ఆగిపోవడం వల్ల అది వస్తుంది. వేలు రెండు మూడు సెంటీమీటర్లు గుచ్చి, పొడిగా తగిలితే మొక్క మొదలు దగ్గర నిదానంగా పోయండి, మట్టి మీద ఎండుటాకులు పరిచి ఉంచండి. నత్రజని ఎక్కువైతే ఆకు దట్టంగా పెరిగి పూత తగ్గిపోతుంది కాబట్టి, పూత మొదలయ్యాక ఆ ఎరువును తగ్గించి పొటాష్ ఉన్నదాన్ని వాడాలి.

పువ్వు తనంతట తానే ఫలదీకరణం చెందుతుంది కానీ, పుప్పొడి రాలడానికి చిన్న కదలిక కావాలి. గాలి ఆడని చోట కుండీ ఉంటే, మధ్యాహ్నానికి ముందు పూగుత్తి కాడను వేలితో రెండు మూడుసార్లు మీటండి. పగటి వేడి 35 డిగ్రీలు దాటే రోజుల్లో పూత రాలితే మాత్రం మన వల్ల ఏ లోపమూ లేదు, చల్లబడ్డాక మళ్లీ నిలుస్తుంది.

పువ్వు విచ్చిన నాటి నుంచి కాయ పండడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కాబట్టి చలి వల్లనో, మరో కారణం చేతనో కాపు ఇక ఐదారు వారాలకు మించి సాగదని తెలిసినప్పుడు, చివరి గుత్తి పైన రెండు ఆకులు వదిలి తీగ తలను తుంచేయాలి. కాయ అడుగున రంగు తిరగడం మొదలయ్యాక కోసినా ఇంట్లో చక్కగా పండుతుంది, దాన్ని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. కోసేటప్పుడు కాయను లాగవద్దు. కాయ కాడ మీద మోకాలులా ఉబ్బిన చిన్న కణుపు ఉంటుంది. బొటనవేలు దాని మీద ఆనించి కాయను పైకి వంచితే, గుత్తిలోని పచ్చికాయలు కదలకుండా, ఆ ఒక్కటే విడివడి చేతిలోకి వస్తుంది.