గొంజాలో పెయాట్ పెనాల్టీ కార్నర్ కొట్టేటప్పుడు ఏం చూడాలి

హాకీలో గోల్ దగ్గర అవతలి జట్టు తప్పు చేసినప్పుడు దొరికే పెనాల్టీ కార్నర్ కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది. గోల్ పడిందా లేదా అన్నదొక్కటే చూసి ఊరుకుంటే, ఈ కార్నర్లు కొట్టడంలో దిట్ట అయిన జర్మనీ ఆటగాడు పెయాట్ ఆటలో అసలు మజా మీకు దక్కదు.

మొదట 2023 జనవరి 27న భువనేశ్వర్‌లో జరిగిన ప్రపంచకప్ సెమీఫైనల్ హైలైట్స్ పెట్టుకోండి. హాఫ్ టైమ్‌కి ఆస్ట్రేలియా 2-0తో ముందుంది, జర్మనీ పని అయిపోయిందనే అనిపిస్తుంది, అప్పుడు పెయాట్ 43, 52, 59వ నిమిషాల్లో మూడూ పెనాల్టీ కార్నర్ల మీదే కొట్టాడు, ఆఖరి క్షణాల్లో అతని సహచరుడు వెలెన్ గోల్‌తో 4-3. తర్వాత ఫైనల్లో బెల్జియం మీద షూటౌట్‌లో నెగ్గి కప్పు కూడా వాళ్లే ఎత్తారు.

ఒకసారి మామూలుగా చూసేశాక, స్పీడ్ సగానికి తగ్గించి మళ్లీ చూడండి. ఈసారి ముందు పెయాట్‌ని వదిలేసి బంతి లోపలికి తోసే ఇంజెక్టర్‌ని, తర్వాత డీ (గోల్ ముందు గీసిన అర్ధవృత్తం) బయట దాన్ని ఆపే స్టాపర్‌ని చూడాలి. బంతి స్టిక్ మీద కాస్త ఎగిరిందా, షాట్ కొట్టే ఫ్లిక్కర్ ఎంత గొప్పవాడైనా చేసేదేమీ ఉండదు. బాగా ఆగితే అప్పుడు పెయాట్ కాళ్లు చూడండి, చేతులు కాదు. ఎడమ కాలు ముందుకు బాగా చాపి పాతేస్తాడు, బంతి ఇంకా వెనకే ఉంటుంది, స్టిక్ వంపులో దాన్ని లాక్కుంటూ వస్తాడు, నడుము తిరుగుతుంది, మణికట్టు అన్నిటికంటే చివర.

స్టిక్‌తో బలంగా బాదొచ్చుగా అంటారేమో. అలా బాదితే మొదటి షాట్ 46 సెంటీమీటర్లకు మించి లేచి గోల్‌లోకి పోకూడదు. పెయాట్‌లా బంతిని స్టిక్‌తో లాక్కొచ్చి విసిరే డ్రాగ్ ఫ్లిక్‌కి ఆ హద్దు లేదు, కాబట్టి 2.14 మీటర్ల ఎత్తున్న గోల్‌లో పై మూలలు కూడా కీపరే కాసుకోవాలి. కాపాడటానికి కీపర్‌తో కలిపి ఉండేది ఐదుగురే. వాళ్లలో మాస్క్ పెట్టుకుని నేరుగా ఫ్లిక్కర్ మీదికి పరిగెత్తే మొదటి మనిషిని ఒక్కసారైనా గమనించండి, ఆ ధైర్యానికి నేనైతే దండం పెడతాను.

ఇది అలవాటయ్యాక వెనక్కి, 2016 రియోకి వెళ్లండి. పెయాట్ పుట్టింది అర్జెంటీనాలో, అప్పుడు ఆడిందీ ఆ దేశానికే. సెమీస్‌లో 5-2తో ఓడించింది ఎవరినో తెలుసా, జర్మనీనే, అందులో మూడు గోల్స్ ఇతనివి! ఆ ఒలింపిక్స్‌లో 11 గోల్స్, స్వర్ణం. మాన్‌హైమ్ క్లబ్‌లో ఆడుతూ 2022లో జర్మనీ జెర్సీ వేసుకున్నాడు. 2024 పారిస్ సెమీస్‌లో మన మీద 3-2తో గెలిచిన జర్మనీకి మొదటి గోల్ కొట్టిందీ ఇతనే, అది చూడటం మనకి కష్టమే అయినా వదలకండి.

మనవాళ్లకి ఇంకో కారణం కూడా ఉంది. హాకీ ఇండియా లీగ్ వేలంలో హైదరాబాద్ తూఫాన్స్ ఇతన్ని 68 లక్షలకు తీసుకుంది, ఆ వేలంలో విదేశీ ఆటగాళ్లలో అదే ఎక్కువ ధర. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో ఫైనల్, పెయాట్ రెండు కొట్టినా బెంగాల్ టైగర్స్ 4-3తో గెలిచింది. అవతలి వైపు హ్యాట్రిక్ కొట్టిన జుగ్‌రాజ్ సింగ్ కూడా డ్రాగ్ ఫ్లిక్కరే, కాబట్టి ఆ మ్యాచ్‌లో ఇద్దరి అడుగులూ పక్కపక్కన పెట్టి పోల్చుకోండి, ఎవరు బంతిని ఎంత వెనక నుంచి లాగుతున్నారో మీకే తెలిసిపోతుంది.