పంపిన ప్రెస్ నోట్ పేపర్లో ఎందుకు రాలేదు? బెంగళూరు తెలుగు చిత్రకారులకు సమస్య - పరిష్కారం

బెంగళూరులో ప్రదర్శన పెట్టే మన చిత్రకారులు ఫ్రేములకు, హాలు అద్దెకు, ఆహ్వానపత్రాలకు చూపే శ్రద్ధలో నాలుగో వంతు కూడా ప్రెస్ నోట్‌కు చూపరు. ప్రారంభోత్సవానికి ముందురోజు రాత్రి ఆహ్వానపత్రంలోని మాటలనే నాలుగు పేరాలుగా సాగదీసి పంపి, మర్నాడు పేపర్లో రాలేదని నొచ్చుకుంటారు. రాకపోవడానికి కారణం చాలాసార్లు బొమ్మల్లో ఉండదు, నోట్‌లోనే ఉంటుంది. పత్రిక డెస్కులో వార్తలు దిద్దే సబ్ ఎడిటర్ మీకు ఫోను చేయకుండానే వార్తగా మలచుకోగలిగిన నోట్ అచ్చవుతుంది, లేనిది పక్కకు పోతుంది.

సమస్య: ఎవరూ వేయలేదు, ఎవరూ ఫోను కూడా చేయలేదు

ముందుగా మీ నోట్‌లోని మొదటి పేరాను చదివి చూడండి. మన నోట్లు రెండు రకాలుగా మొదలవుతాయి. ఒకటి, జ్యోతి ప్రజ్వలన చేసే ముఖ్య అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథుల పేర్లను బిరుదులతో సహా వరుసగా పేర్చడం. రెండు, ‘ప్రకృతి ఒడిలో పరవశించిన నా కుంచె అంతర్లయలను ఆవిష్కరిస్తూ’ వంటి వాక్యం. మొదటి దానిలో చిత్రకారుడు కనబడడు, రెండవ దానిలో చిత్రం కనబడదు. స్థలం చాలనప్పుడు సబ్ ఎడిటర్ కింది నుంచి కోసుకుంటూ వస్తారు కాబట్టి, అసలు సంగతి మూడో పేరాలో దాగి ఉంటే అది కత్తెర పాలవుతుంది.

హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన చిత్రకారిణి నోట్‌ను ఊహించుకుందాం. ‘లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది విజయనగర కాలపు చిత్రాల్లో స్త్రీలు కట్టిన చీరల అంచులను ఆధారంగా చేసుకొని గీసిన 22 చిత్రాల ప్రదర్శన, ఈ నెల 14 నుంచి 18 వరకు కుమారకృపా రోడ్డులోని కర్ణాటక చిత్రకళా పరిషత్తు గ్యాలరీలో జరుగుతుంది’ అని మొదలుపెడితే ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నవన్నీ ఒక్క వాక్యంలో వచ్చేస్తాయి. రెండో వాక్యంలో చిత్రకారిణి పేరు, ఊరు, చదువు చెప్పాలి. అతిథుల పేర్లు చివరి పేరాలో ఉంటే చాలు. కోతపడినా నష్టం లేదు, అతిథికి కష్టం కలిగితే అది వేరే సంగతి.

ప్రెస్ నోట్‌లలో తొలిదిగా తరచూ పేర్కొనేది 1906లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ రైలు ప్రమాదం తర్వాత పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ తరఫున దాని ప్రచార నిపుణుడు ఐవీ లీ రాసినది. న్యూయార్క్ టైమ్స్ దానిని ఉన్నదున్నట్లుగా అచ్చువేసింది. ఒక కంపెనీ కాగితానికి ఆ గౌరవం దక్కడానికి కారణం విశేషణాలు కావు, జరిగినదేమిటో అందులో ఉండటం.

సమస్య: ‘నగరంలో నేడు’ శీర్షికలో ఒక్క లైనుతో సరిపెట్టారు

ప్రదర్శన జరుగుతోందన్న సమాచారం ఇచ్చారు గాని, దాని గురించి ఇప్పుడే ఎందుకు రాయాలో చెప్పలేదని దీని అర్థం. జనవరిలో చిత్రకళా పరిషత్తు నిర్వహించే చిత్రాల సంత అయిన చిత్రసంతెకు వెయ్యిమందికి పైగా కళాకారులు వస్తారు. అక్కడ ‘నాకూ ఒక స్టాలు ఉంది’ అని పంపే నోట్‌ను ఎవరైనా ఏం చేసుకోగలరు? అదే స్టాలులో శ్రీకాళహస్తి పద్ధతిలో కలంతో గీసే కలంకారీని జనం ముందే గీసి చూపుతున్నారనీ, కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టిన బట్ట మీద బెల్లం, ఇనుప ముక్కలు పులియబెట్టిన నల్లరంగుతో గీతలు గీస్తారనీ రాస్తే, ఫోటోగ్రాఫరును పంపడానికి రిపోర్టరుకు ఒక కారణం దొరుకుతుంది. వాడిన వస్తువు, పని చేసే తీరు, ఎంచుకున్న స్థలం, రాబోతున్న పండుగ వీటిలో ఏదో ఒకటి వార్తకు కొక్కెంగా పనికివస్తుంది. ఉగాది తెలుగువారికీ కన్నడిగులకూ ఉమ్మడి పండుగ కాబట్టి ఇక్కడ అది మరింత అక్కరకు వస్తుంది.

కొక్కెం దొరకలేదని ‘దేశంలోనే తొలిసారి’ అని మాత్రం రాయకండి. నిరూపించలేని ఆ ఒక్క మాట వల్ల మిగతా నోట్ మీద కూడా అనుమానం పడుతుంది.

సమస్య: ఒక భాష పత్రికల్లో వచ్చింది, మరో భాషలో రాలేదు

ఒకే నోట్‌ను అందరికీ పంపడమే దీనికి కారణం. కన్నడ పత్రికకు కన్నడంలో, ఇంగ్లిషు పత్రికకు ఇంగ్లిషులో విడివిడిగా రాయించాలి. యంత్రానువాదం చేయిస్తే కన్నడం బాగా వచ్చిన మిత్రునితో ఒకసారి చదివించాలి, ముఖ్యంగా పేర్లు. భాషతో పాటు మొదటి వాక్యం కూడా మారవచ్చు. లేపాక్షి ఉదాహరణలోనే కన్నడ పాఠకుడికి విజయనగరం దగ్గరి సంగతి, ఇంగ్లిషు పత్రికకు చీరల అంచుల నమూనాలు ఆసక్తి కలిగించవచ్చు.

తెలుగు పత్రికల విషయంలో చాలామంది పట్టించుకోని దారి ఒకటుంది. బెంగళూరు విలేకరికి పంపి ఊరుకోకుండా, మీ సొంత జిల్లా పేజీ చూసే డెస్కుకు కూడా పంపండి. బెంగళూరులో అది పది ప్రదర్శనల్లో ఒకటి. శ్రీ సత్యసాయి జిల్లా పేజీలో మాత్రం ‘బెంగళూరులో హిందూపురం చిత్రకారిణి ప్రదర్శన’ అన్నది మంచి వార్త. మీ ఊరు, చదివిన పాఠశాల పేరు నోట్‌లో లేకపోతే ఆ డెస్కు దానిని గుర్తించలేదు.

సమస్య: ‘మీ మెయిల్‌లో అక్షరాలు రావడం లేదండీ’ అన్నారు

డీటీపీ సెంటరులో అను ఫాంటులో టైపు చేయించిన తెలుగును మెయిల్‌లో అతికిస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనబడతాయి. ఏ కంప్యూటరులోనైనా సరిగా కనబడే యూనికోడ్ పద్ధతిలో టైపు చేయించి, మెయిల్‌లోనే నేరుగా అతికించండి. పీడీఎఫ్ జతచేయవచ్చు గాని, అదొక్కటే పంపకూడదు. అందులోంచి తెలుగు కాపీ చేస్తే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. నోట్‌ను ఫోటో తీసి పంపడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, ఎందుకంటే మళ్లీ టైపు చేసేంత తీరిక డెస్కులో ఎవరికీ ఉండదు.

సమస్య: వార్త వచ్చింది, బొమ్మ రాలేదు, వచ్చినా మసకగా ఉంది

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా గాని, మెయిల్‌లో గాని పంపాలి. ఆరు అంగుళాల వెడల్పున 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలతో) అచ్చు కావాలంటే 1800 పిక్సెళ్లు ఉండాలి. అద్దం బిగించకముందే, ఎండ నేరుగా పడని పగటి వెలుతురులో, కెమెరాను చిత్రానికి ఎదురుగా సమాంతరంగా ఉంచి తీయండి. చిత్రాల ఫోటోలు రెండు, చిత్రం పక్కన మీరు పనిచేస్తున్న ఫోటో ఒకటి చాలు. పత్రికలు ఎక్కువగా వాడేది ఈ మూడోదే. ఫైలు పేరు కెమెరా ఇచ్చిన అంకెగా వదిలేయకుండా మీ పేరు, చిత్రం పేరు పెట్టండి. నోట్ చివర క్యాప్షన్ రాయండి: శీర్షిక, మాధ్యమం, కొలత, సంవత్సరం, ఫోటో తీసినవారి పేరు.

సమస్య: ప్రదర్శన ముగిశాక వార్త వచ్చింది

ఆలస్యంగా పంపారు. దినపత్రికకు నాలుగైదు రోజుల ముందు, ఆదివారం అనుబంధానికి కనీసం మూడు వారాల ముందు, మాసపత్రికకు రెండు మూడు నెలల ముందు అందాలి. ప్రారంభోత్సవం జరిగిన సాయంత్రమే రెండు పేరాలు, ఒక ఫోటో మళ్లీ పంపితే, మొదటిసారి వేయనివారు కూడా వేయవచ్చు.

సమస్య: రిపోర్టరు బదులు ప్రకటనల విభాగం నుంచి ఫోను వచ్చింది

మీ నోట్ వాణిజ్య విభాగం చిరునామాకు వెళ్లింది. డబ్బు కట్టి వేయించుకున్నది వార్త కాదు. కళల వార్తలు ఎవరి పేరుతో వస్తున్నాయో కొన్ని వారాలు గమనించి, వారికే నేరుగా పంపండి.

సమస్య: వార్త చదివి వచ్చినవారు తాళం చూసి వెళ్లిపోయారు

తేదీలు రాసి వేళలు రాయలేదన్నమాట. గ్యాలరీ తెరిచే, మూసే సమయాలు, సెలవు రోజు, ప్రవేశం ఉచితమా కాదా అన్నది, హాలు ఏ అంతస్తులో ఉందో రాయాలి. కింద ఇచ్చే ఫోను నంబరు గ్యాలరీ వారిది కాకుండా మీదే కావాలి; ఏయే భాషల్లో మాట్లాడగలరో దాని పక్కనే రాయాలి. నోట్ పంపిన రోజు నుంచి ప్రదర్శన ముగిసేవరకు తెలియని నంబర్ల ఫోన్లు కూడా ఎత్తండి, ఎందుకంటే పేజీ కట్టే వేళ రిపోర్టరు రెండోసారి చేయరు.